మా చెరువులో దొరికిన చందువ

మా గాలం గ్రూపుకు పదేళ్లు నిండుతున్నాయని కనిపెట్టింది జనగామ సారు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. తేదీ ఏదైనా ఆయన చేతికి చిక్కిందంటే ఇక వదలడు. గ్రూపు ఎప్పుడు పుట్టిందో ఫోన్‌లో చూసుకుని, "పండుగ చేసుకుందాం. పాత ఫొటోలు ఎవరి దగ్గరున్నా పంపుండ్రి. మన చరిత్ర అందరికీ తెలవాలె" అని ఒక పొద్దున పెట్టాడు. చరిత్ర అనే మాట చూసి నాకు నవ్వొచ్చింది. చెరువు గట్టున ఎర్రలు తవ్వుకునేవాళ్లకు కూడా చరిత్ర ఉంటుందా అనుకున్నాను.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గాలం పిచ్చి ఉన్నవాళ్లమంతా ఈ గ్రూపులో ఉన్నాం. సెలవు దొరికితే చాలు, తెల్లవారకముందే వెదురుకట్టె భుజాన వేసుకుని గట్టెక్కుతాం. బెండు మునుగుతుందేమోనని నీళ్ల వంక చూస్తూ కూర్చుంటాం. చేప పడితే ఫొటో తీసి గ్రూపులో పెడతాం. పడకపోతే చెరువును ఫొటో తీసి పెడతాం. మా ఇళ్లలో ఆడవాళ్లు మమ్మల్ని పనిలేని సంత అంటారు, అందులో తప్పేమీ లేదు.

గ్రూపులో నియమం ఒక్కటే. ఫొటోలో చేప మూతికి గాలం ఉండాలి. బజారులో కొన్న చేపను పట్టిన చేపగా చూపిస్తే, ఎంతటివాడైనా సరే, గ్రూపులోంచి బయటికే. ఆ పని చేసేది నేను. నాకు ముక్కు మీద కోపమని మూడు జిల్లాలకూ తెలుసు. ఒకసారి ఒక పెద్దమనిషి ఐసు ముక్కలు అంటుకున్న బొచ్చెను పెట్టి, "ఇప్పుడే పట్టిన" అన్నాడు. మీ చెరువులో ఐసు కడుతుందా అని అడిగి, ఆయన జవాబు చెప్పేలోపే తీసేశాను. పాపం అన్నవాళ్లూ ఉన్నారు. దొంగ తూకం, దొంగ చేప నాకు ఒకటే. కేసముద్రం మార్కెట్ యార్డులో నేను దడ్వాయిని, కాంటా పక్కన నిలబడి బస్తాల తూకం చెప్పేవాణ్ని.

ఈ గ్రూపు లేకపోతే నేను ఇవాళ కాంటా పక్కన నిలబడి ఉండేవాణ్ని కాదు. ఆ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. ఎవరి వల్ల నిలబడ్డానో మాత్రం మొన్నటిదాకా తెలియలేదు.

పదేళ్ల కిందట, పత్తి సీజన్‌లో, యార్డులో వెనక్కి వస్తున్న ట్రాక్టర్ ట్రాలీ నన్ను గోడకు నొక్కేసింది. తుంటి ఎముక విరిగింది. వరంగల్‌లో ఆపరేషన్ చేసి, రాడ్ వేసి ఇంటికి పంపారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూపించుకుంటే డాక్టరు కచ్చితంగా చెప్పాడు. "ఎముక అతుక్కుంది. ఇక లేచి నిలబడాల్సింది మీరే. ఇప్పుడు లేవకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి, తర్వాత ఎవరూ లేపలేరు."

నేను లేవలేదు. నొప్పి ఉంది, నిజమే. కానీ దానికంటే పెద్దది ఇంకొకటి ఉంది. దేని మీదా మనసు లేకుండా పోయింది. లేచి ఏం చేయాలి, మళ్లీ అదే కాంటా, అవే తగాదాలు అనిపించేది. గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని. తిండి సయించేది కాదు. నా భార్య బతిమాలేది, ఏడ్చేది, తిట్టేది. యార్డు నుంచి చూడటానికి ఎవరైనా వస్తే రానివ్వొద్దని చెప్పాను. హమాలీల పెద్ద ఒకసారి వాకిట్లోకి వచ్చి అట్నుంచి అటే వెళ్లిపోయాడని తెలిసింది. ఆయనకూ నాకూ అప్పటికి రెండు సీజన్లుగా మాటల్లేవు. బస్తాను కాంటా మీద పెట్టకుండా విసిరేస్తున్నారని నేను, చూసీ చూడనట్టు తూకం చెబుతున్నానని ఆయన, యార్డంతా వినేట్టు అరుచుకున్నాం. తప్పు ఆయనదే అని ఇప్పటికీ నా నమ్మకం.

అట్లా ఉండగా ఒక పొద్దున నా ఫోన్ మోగింది. తెలియని నంబరు నన్ను ఏదో గ్రూపులో చేర్చింది. పేరు "చెరువు గట్టు". లోపల ఒకే ఒక్క ఫొటో ఉంది, పొద్దు పొడుస్తున్నప్పటి మా ఊరి చెరువు. ఎవరో పొరపాటున చేర్చారనుకుని ఫోన్ పక్కన పడేశాను. మర్నాడు నీళ్లలో తేలుతున్న బెండు వచ్చింది. ఆ మర్నాడు బెండు కనిపించలేదు, నీళ్లలో వలయాలున్నాయి. ఆ తర్వాతి రోజు వేలెడంత పరక చేప, తడి అరచేతిలో.

అంతకుముందు ఎప్పుడూ గాలం పట్టినవాణ్ని కాదు. అయినా బెండు మునిగాక ఏమైందో తెలుసుకోవాలనిపించింది. మనిషి బుద్ధి అంతే కదా. కొన్నాళ్లకు తెల్లవారుజామునే మెలకువ వచ్చి ఫోన్ కోసం తడుముకోవడం మొదలుపెట్టాను. "ఏ చెరువు?" అని అడిగాను. "మన చెరువే" అని జవాబు. "మీరెవరు?" అంటే, "చెరువు కాడోళ్లం" అన్నారు.

అప్పుడు వచ్చింది ఆ చేప ఫొటో. గట్టు మీద తడి గడ్డిలో, వెడల్పుగా, వెండి కంచంలా మెరుస్తూ పడి ఉంది. దాని పక్కనే గాలపుకట్టె. వెనక మా చెరువు. నా జన్మలో అంత అందమైన చేపను చూడలేదు. "ఇది నిజంగా మన చెరువుల దొరికిందా?" అని అడిగాను. "ఇంకా మస్తుగున్నయి" అన్నారు. "ఎంత లోతుల ఉంటయి?" అని అడిగితే, "వచ్చి చూసుకో" అని వచ్చింది.

ఒళ్లు మండిపోయింది. తుంటి విరిగి మంచంలో ఉన్నవాణ్ని వచ్చి చూసుకో అంటారా? వెళ్లి వాళ్లెవరో చూసి అక్కడికక్కడ దులిపేయాలనిపించింది. ఆ కోపంలోనే మంచం పట్టె పట్టుకుని రెండు కాళ్లూ కింద పెట్టాను. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. ఆ రోజు నిలబడ్డది ఎంతసేపో కాదు, కానీ నిలబడ్డాను.

వాకర్‌తో వీధి చివరి దాకా, కర్రతో చెరువు దాకా వెళ్లేసరికి ఎండాకాలం వచ్చేసింది. గట్టు మీద గాలాలతో కొందరు కనిపించారు. గ్రూపు సంగతి అడిగితే మాకు తెలియదన్నారు. నేనే వాళ్లను గ్రూపులో చేర్పించాను. కొన్నాళ్లకు ఆ తెలియని నంబరు నన్ను అడ్మిన్‌ను చేసి తాను వెళ్లిపోయింది. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. ఏ ఉద్యోగస్తుడో, బదిలీ అయి పోయాడనుకున్నాను. తర్వాత జనగామ సారు వచ్చాడు, కాటారం తమ్ముడు వచ్చాడు, గ్రూపు పెరిగింది. నేను మళ్లీ కాంటా పక్కన నిలబడ్డాను. కొంచెం కుంటుతాను, అంతే.

ఆ వెండి చేప మాత్రం నాకు ఎప్పుడూ పడలేదు. ఎర్రలు పెట్టి చూశాను, గోధుమపిండి ముద్ద పెట్టి చూశాను. ఫొటో కూడా లేకుండా పోయింది, పాత ఫోను ఆ చెరువులోనే పడింది. కొత్తగా వచ్చినవాళ్లందరికీ దాని గురించి చెప్పేవాణ్ని. వాళ్లు మర్యాదగా తలలూపేవారు.

జనగామ సారు పాత ఫొటోలు అడిగిన నాలుగైదు రోజులకు, యార్డు గేటు దగ్గర చాయ్ అమ్మే అక్క గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. ఈమె ఈ గ్రూపులో ఉందన్న సంగతే నేను మరిచిపోయాను, ఏనాడూ ఒక్క మాట రాసి ఎరగదు. ఫొటో తెరిచి చూద్దును కదా, నా చేప! అదే గడ్డి, అదే మెరుపు. "ఇదే! ఇన్నేండ్ల సంది చెప్తున్న గదా!" అని పెట్టాను.

కాసేపటికి జనగామ సారు వాయిస్ మెసేజ్ వచ్చింది. "అన్నా, ఏమనుకోకు. గిది చందువ. సముద్రపు చేప. కాకినాడ దిక్కు నుంచి ఐసు పెట్టెలల్ల వస్తది. చెరువుల బతకదు."

ఇక చూడండి, గ్రూపంతా నవ్వులే. కాటారం తమ్ముడు ఊరుకోకుండా, "ఊరి పేరు కేసముద్రం గదా, సముద్రం ఉన్నదనుకొని వచ్చిందేమో" అన్నాడు. పదేళ్లు మా చెరువులో చందువ కోసం కాచుకుని కూర్చున్న మొనగాణ్ని నేనేనట. సారు మాత్రం నవ్వలేదు. "మన గ్రూపు మొదలే కొన్న చేపతోటి అయిందన్నమాట. పెట్టినోళ్లు ఎవరో తెలవాలె. చరిత్రల గిది రాయలేం" అన్నాడు. నేనూ అదే అన్నాను. నన్ను వెర్రివాణ్ని చేసినవాడెవడో తేలాలి, వాణ్ని గ్రూపు ముందు నిలబెట్టి కడగాలి అనుకుంటూ పొద్దున్నే చాయ్ కొట్టుకు పోయాను.

"అక్కా, ఈ ఫొటో నీకెక్కడిది?"

"నేనే తీసిన" అంది, పాలు కలుపుతూనే.

"చేప ఎక్కడిది మరి?"

"మానుకోట మార్కెట్ల కొన్నది." మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

"ఎవరు కొన్నరు?"

అక్క గరిటె ఎత్తి యార్డు షెడ్డు వైపు చూపించింది. అక్కడ ఖాళీ గోనెసంచుల మీద కూర్చుని హమాలీల పెద్ద తలకు తువ్వాల చుట్టుకుంటున్నాడు. ఇప్పుడు బస్తాలు మోయడం మానేశాడు, కుర్రవాళ్లకు పని చెబుతాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన మెడలో తులసిపేర్లుంటాయి. నీసు ముట్టడు. కోడిగుడ్డు పగిలితే ఆమడ దూరం జరుగుతాడు. నా కాలు బాగయ్యాక మా మధ్య మాటలు మళ్లీ వాటంతట అవే మొదలయ్యాయి. అప్పటినుంచి గాలంతో కనిపించిన ప్రతిసారీ, "నోరులేని జీవాల ఉసురు పోసుకుంటవెందుకు తమ్మీ" అని నన్ను సాధిస్తూనే ఉన్నాడు. అట్లాంటివాడు చేప కొన్నాడంటే ఎట్లా నమ్మను? అక్కతో అదే అన్నాను.

"గందుకే గద గా చేప తెచ్చింది" అంది అక్క. "చేపలల్ల ఏది చెరువుది, ఏది సముద్రంది ఆయనకేం ఎరుక? అన్నిట్ల అదే మంచిగ మెరుస్తున్నదట, అది చూసి తెచ్చిండు. అమ్మేటామె కోసి ఇయ్యాల్నా అని కత్తి తీస్తె, వద్దు వద్దని సంచి గుంజుకొని వచ్చిండట. గా సంచిని కట్టె కొసకు తగిలేసి, ఇంత దూరం పట్టుకొని వచ్చిండు. ముట్టుకుంటె గద. నేనే గడ్డి మీద పెట్టి, నీళ్లు చల్లి ఫొటో తీసిన."

"అంతకు ముందు పరకలు పెట్టిండ్రు గదా?"

"గవి హమాలీ పోరలు నిజంగనే పట్టిండ్రు. అన్ని చిన్నయే పడుతున్నయి, గిట్లయితె మనిషి లేవడు, పెద్దది కావాలె అని ఈయనే మానుకోట పోయిండు."

"మరి ఆ చేపను ఏం చేసిండ్రు?"

"ఏం చేస్తం, పులుసు పెట్టిన. నీ ఇంటామె వచ్చి గిన్నెల పోసుకపోయింది. నువ్వే తిన్నవు."

పదేళ్లు నేను చెరువంతా గాలించింది, నేను తినేసిన చేప కోసమన్నమాట. అక్క చాయ్ గ్లాసు చేతిలో పెడితే తాగుతున్నానో లేదో కూడా తెలియలేదు.

ఇంటికి వచ్చి నా భార్యను నిలదీశాను. ఆమె బియ్యం చెరుగుతోంది, చేట కింద పెట్టలేదు.

"లేస్తె ఏం చేస్తవయ్యా, ఒక్క ముచ్చట చెప్పు, గదన్న చూసుకొని లెవ్వు అని నిన్ను అడిగిన. యాదికున్నదా?"

"లేదు."

"కోపానికొచ్చి అన్నవు. లేస్తె చెరువు కాడ గాలం ఏసుకొని కూసుంట, ఒక్కని మొఖం చూడ అన్నవు. అప్పుడే హమాలీల పెద్దన్న వచ్చి వాకిట్ల నిలబడి, ఏమంటుండు అని అడిగిండు. నువ్వు లోపలికి రానియ్యకపోతివి. నువ్వన్న మాటే చెప్పిన. సరే అని పోయిండు. తెల్లారి బిడ్డతోని ఫోన్ల గ్రూపు పెట్టిచ్చిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు చూస్తువా? ఆయన పేరు వింటెనే అంతెత్తు లేస్తుంటివి. తర్వాత చెప్దామంటె ఆయనే వద్దన్నడు."

నేను చిరాకులో విసిరేసిన మాట అది. చెప్పినవాడికే గుర్తులేదు. నాతో మాటల్లేని మనిషి దాన్ని పట్టుకుని ఒక చెరువును నా మంచం దగ్గరికి తెచ్చాడు. ఆ సాయంత్రం షెడ్డు దగ్గరికి పోయి ఆయన పక్కన సంచుల మీద కూర్చున్నాను. పొద్దున కడిగేయాలని బయల్దేరినవాణ్ని నేనే.

"చందువ సంగతి తెలిసిందన్నా" అన్నాను.

ఆయన ముఖం చిట్లించాడు. "చాయ్ ఆమెకు నోరాగదు. ఎప్పటి ముచ్చటనో ఇప్పుడు తవ్వుడెందుకు?"

"నీకు చేపలంటె పాపం గదా అన్నా. ఎట్ల కొన్నవు?"

"పాపమే. కొన్నది నేను, పాపం నాది. దేవునికి చెప్పుకున్న." తలకు చుట్టిన తువ్వాల సర్దుకుని, "నువ్వు పొద్దంత గోడ దిక్కే చూసుకుంట పంటున్నవని చెప్పింది మీ ఇంటామె. గోడ చూసుడు కంటె చెరువు చూసుడు నయ్యం గదా అనుకున్న" అన్నాడు.

ఆ రాత్రే గ్రూపులో అంతా చెప్పాను. నవ్వినవాళ్లెవరూ మళ్లీ నవ్వలేదు. జనగామ సారు మాత్రం నియమాన్ని వదల్లేక, "మరి అన్నా, కొన్న చేప ఫొటో ఉంచాల్నా, తీసెయ్యాల్నా?" అని అడిగాడు. "తీసి చూడు సారూ, ఏమైతదో" అన్నాను. చివరికి ఆ చందువనే పెద్ద ఫ్లెక్సీ మీద వేయించాడు. చేప మూతికి గాలం లేదు, ఎవరూ అడగలేదు.

పండుగ కాటారం దగ్గర, అడవి అంచున ఉన్న చెరువు మీద పెట్టుకున్నాం. కాటారం తమ్ముడు చెరువు సొసైటీ వాళ్లను అడిగి అనుమతి తెచ్చాడు. హమాలీల పెద్దను వ్యానులో ఎక్కించడానికి నా తాతలు దిగొచ్చారు. నీసు వాసన తగలని చోట కూర్చోబెడతానని, ఆయన సద్ది ఆయన తెచ్చుకోవచ్చని ఒప్పించాను. ఆయన బిడ్డ బయ్యారంలో కాపురముంటోంది, చుట్టు తిరిగి పోయి ఆమెను కూడా ఎక్కించుకున్నాం. అప్పుడు కాలేజీ పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. పెళ్లయ్యాక నంబరు మారిందట. నేను వెతికిన ఉద్యోగస్తుడు ఈమె.

"వచ్చి చూసుకో అని రాసింది నువ్వేనా?" అని అడిగాను.

"బాపు చెప్పిండు బాబాయ్. నీకు కోపం తెప్పిస్తెనే లేస్తవని" అని నవ్వింది.

చెరువు దగ్గర గాలి వచ్చే వైపు, మద్దిచెట్టు కింద కుర్చీ వేసి పెద్దను కూర్చోబెట్టాం. సారు శాలువా కప్పి, గ్రూపు పెట్టినాయన నాలుగు మాటలు చెప్పాలని మైకు ముందుకు పెట్టాడు. ఆయన మైకును పామును చూసినట్టు చూసి, "ఫోన్ నడిపింది నా బిడ్డ. దాన్ని అడుగుండ్రి" అన్నాడు.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. మొదట సిగ్గుపడింది, తర్వాత నా వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది.

"పొద్దున ఫొటో పెట్టినంక బాపు నా పక్కనుంచి జరిగేది కాదు. చూసిండా బిడ్డా, చూసిండా అని ఒక్కటే తీరుగ అడిగేది. ఎవరు చూసిండ్రో ఫోన్ల పడుతది గదా, బాబాయ్ పేరు పడ్డంక యార్డుకు ఉరికేది. అక్కడ హమాలీలందరు ఈయన కోసమే చూస్తుండిరి. ఒకనాడు ఎంతసేపైనా బాబాయ్ పేరు పడలే. ఎండెక్కింది. రైతులు లొల్లి పెడుతున్నరు, అడ్తి సేట్లు తిడుతున్నరు. ఒక్కరు కూడా బస్తా ముట్టలే. బాపు పరేషానయ్యి నన్ను మీ ఇంటికి తోలిండు. పిన్ని బయటికొచ్చి, ఫోన్ల చార్జింగ్ అయిపోయింది, మనిషి మంచిగనే ఉన్నడు, చాయ్ తాగుతున్నడు అని చెప్పింది. నేను యార్డుకు పోయి చెప్పినంకనే కాంటా నడిచింది."

నేను తల ఎత్తలేకపోయాను. అంత కోపిష్టివాణ్ని, నలుగురి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన దగ్గరికి వెళ్లి రెండు చేతులూ పట్టుకుని, "అన్నా, నేను నీ వల్లనే బతికిన" అన్నాను. ఆయన శాలువా అంచుతో కళ్లు తుడుచుకుని, చేతులు విడిపించుకోబోయి ఊరుకున్నాడు.

నేను గోడకు తిరిగి పడుకుని, ఈ మనిషి ఉన్నాడా పోయాడా అని యార్డులో అడిగేవాడు లేడని నమ్మిన రోజులవి. ఆ రోజుల్లో ప్రతి పొద్దునా, నేను కళ్లు తెరిచి ఫోన్ చూశానని తెలిసేదాకా, కేసముద్రం యార్డులో మొదటి బస్తా లేవలేదు.